తేట నీళ్ళు

మా ఆవిడ శేషుకుమారి మొన్నటి నుంచి హాల్లో ఉన్న అక్వేరియంలో, పెద్ద ఆల్చిప్ప లోపల ఉంటోంది. చెప్పులు తొట్టి ముందున్న స్టూలు పక్కన విడిచి వెళ్ళింది.

వాళ్ళమ్మ పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లంతా కడిగాం. అది అందరూ చేసేదే. నాకు మాత్రం చెయ్యి ఊరుకోదు. అత్తగారి దిండు గలీబు కూడా నానబెట్టి, ఉతికి ఆరేశాను. శేషు దాన్ని తీగ మీంచి తీసి ముఖానికి ఆనించుకుంది.

"అమ్మ మెంతినూనె వాసన కూడా పోయిందండీ," అంది. తర్వాత స్టూలు ఎక్కింది.

నాకు బాధగా లేదు. బాధగా లేనందుకు కొంచెం భయంగా ఉంది. అందుకని నాకు చేతనైంది చేస్తున్నాను. పొద్దున్నే నీళ్ళు మారుస్తాను, ఫిల్టరు స్పాంజి పిండుతాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే రొయ్యలు గాల్లో నడుస్తున్నట్టే ఉంది. చిప్ప మాత్రం తెరుచుకోదు. తుడిచినకొద్దీ హాలు పొడుగవుతోంది. సోఫా దగ్గర్నుంచి అక్వేరియం దాకా వెళ్ళాలంటే ఇప్పుడు దారిలో ఒకసారి కూర్చోవలసి వస్తోంది.

చేపల షాపు వరహాలరావు వచ్చి తొట్టిలోకి చూస్తాడు.

"లోపల అమ్మగారాండి?"

"అవును."

"ఏం పెడతన్నారు?"

"ఏమీ లేదు. నీళ్ళు మారుస్తున్నాను, అంతే."

"అదేనండి తప్పు. ఆల్చిప్ప నీళ్ళు వడగట్టుకుని తింటాదండి. నీళ్ళల్లో నాచో నలుసో ఉండాలి కదా. ఇంత సుబ్బరంగా ఉంచేస్తే ఏం తింటాదండి పాపం, ఆకలికి మాడిపోద్ది."

"ఇంకా బతికే ఉందా?"

"మూసుకునుంటే మనకి తెలీదండి. రొయ్యలకి తెలుస్తాది. అయి చచ్చినదాని మీదే చేరతాయి. ఆటిని కనిపెట్టుకునుండండి."

అతను వెళ్ళాక కుర్చీ వేసుకుని కూర్చుంటాను. రొయ్యలు చిప్ప దగ్గరికి వస్తాయి. మీసాలతో తడిమి చూస్తాయి. ఆగకుండా పక్కకి తప్పుకుంటాయి. బతికే ఉందన్నమాట. నా గుండెలమీంచి బరువు దిగుతుంది.

రొయ్యలు అద్దం ఎక్కి, బల్ల కాలు మీదుగా నేలకి దిగుతాయి. పొడుగాటి హాలు దాటి, నా మోకాళ్ళ మీదుగా చేతుల మీదికి వచ్చి, అక్కడ స్థిరపడతాయి. గోళ్ళ చుట్టూ ఓపికగా గిల్లుకు తింటాయి. నొప్పేమీ లేదు. వరహాలరావు అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇంట్లో శేషు తినడానికి ఇంకేమీ మిగల్లేదు. నేను మిగిలాను.

చెప్పులు ఆమె చెప్పుల పక్కనే విడిచి స్టూలు ఎక్కుతాను. నేను దిగినా నీళ్ళు పొర్లవు. ముందు చొక్కా రంగు వదులుతుంది, తర్వాత భుజాలు. నీళ్ళు మెల్లగా పచ్చబడతాయి. గలీబు ఉతికిన వేళ్ళ సందుల్లోంచి మెంతినూనె సన్నటి తీగలా బయటికొస్తుంది. అది అక్కడే ఉందని ఇంతవరకూ నాకు తెలియదు.

చిప్ప తెరుచుకుంటుంది.

లోపల శేషు నేల మీద కూర్చుని నీళ్ళు గుటకలు వేస్తోంది. ఆమె వెనక పీట మీద మా అత్తగారు, ఆ నూనె అరచేత్తో పట్టి కూతురి తలకి రాస్తోంది.

"అల్లుడుగారేరే?" అంటుంది.

"వస్తున్నారమ్మా," అంటుంది శేషు, మరో గుటక వేసి. "కొంచెం కొంచెంగా వస్తున్నారు."