తలుపు మీద కాగితం

ఆంధ్రా విడిపోయిన మరుసటేడు, అరవదేశంలో ఉండిపోయిన గుడియాత్తం బడిలో తెలుగు తరగతి ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. అంతే, సుందరరాజులు అయ్యవారు బెత్తం విరిగేదాకా వాయించి పిల్లలచేత వాచకమంతా కంఠతా పట్టించాడు. ఇక తిరుగులేదనుకున్నాడు. జ్ఞానాంబ ఒక్కతే వల్లించేది కాదు. అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కునేది.

"నత్తి నత్తిగా చదివి నా మానం తీస్తావా? పో, బయట కూసో!" అని ఆ పిల్లను తరిమేశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి, తన సంచిలోంచి వేరే పుస్తకం తీసి ఇచ్చాడు. ఒక్కరూ ఒక్క ముక్క చదవలేకపోయారు.

మర్నాడు అయ్యవారు తన చేత్తోనే రాసి తలుపుకు కాగితం అంటించాడు. పిల్లలు దాన్ని చూసి, అలవాటుగా మొదటి పాఠం అందుకున్నారు.

జ్ఞానాంబ వేలు పెట్టింది. "ఇక... మీద... తెలుగు... తరగతి... లేదు."

ఆయన వైపు తిరిగి, "సరిగా చదివినానా, అయివారూ?" అంది.