ఎడమ మర

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు ఎదురుగా యాకయ్య షెడ్డు పొద్దున్నే తెరుచుకునేది. షెడ్డు వెనక గదే వాళ్ల ఇల్లు. అతను పానాలు తుడిచి గోడకు తగిలించేలోపు భార్య రుక్కి వాకిలి ఊడ్చి చాయ్ పెట్టేది. వడ్ల లారీలు, ట్రాక్టర్లు యార్డు ముందు బారులు తీరేవి. వాటిలో ఏదో ఒకదానికి ఎక్కడో ఒక బోల్టు మర జారిపోయి ఉండేది. డ్రైవరు దిగి షెడ్డులోకి తొంగి చూసేవాడు.

"యాకన్నా, వదినె లేదా?"

రుక్కి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మర చచ్చిన బొక్కలో కుడి చూపుడు వేలు పెట్టేది. పెద్ద బొక్కయితే లోపలి అంచు పొంటి వేలు తిప్పేది. చాయ్ పొంగేలోపు ఇనుములో కొత్త మర చుట్టుకునేది. డ్రైవరు బోల్టు వేసి చూసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. ఫలానా వాళ్ల బావి నీళ్లు తియ్యగుంటాయని ఎట్ల చెప్పుకుంటారో, రుక్కి వేలు సంగతి కూడా ఊళ్లో అట్లనే చెప్పుకునేవారు.

యాకయ్యకు మాత్రం ఆ వేలంటే కడుపు మంట. వరంగల్లో లారీల షెడ్డులో ఏడేళ్లు తిట్లు తిని పని నేర్చినవాడు. అరవై తొమ్మిదిలో బందులకు ఆ షెడ్డు మూతబడితే, మరలు కోసే ట్యాపుల పెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ పెట్టెకు పని లేదు. తుప్పు పట్టకుండా వారం వారం నూనె రాసి మళ్లీ మూసేవాడు. ఇంజన్లు విప్పేది తనే, గేర్లు సర్దేది తనే. పేరు మాత్రం ఆమెకు. అన్నం తినేటప్పుడు ఆమె వేలినే చూసేవాడు. సన్నగా, పసుపు పట్టి, పదిమంది వేళ్ల లాగానే ఉండేది. అదే అతనికి ఇంకా మండేది.

ఎనభై అయిదు ఎండాకాలంలో మానుకోట విద్యాసాగర్ పటేలు తన పికప్పు తెచ్చాడు. ఎవరో విదేశీయులు వాడి వదిలేసిన పాత బండిని వేలంలో కొన్నాడు. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు పళ్లేల బ్రేకులు. ఆ పళ్లేన్ని రెండు వైపులా నొక్కి పట్టుకునే ఇనుప పట్టును కాలిపర్ అంటారు. డ్రైవరు పానాకు పైపు తగిలించి దాని బోల్టును బలమంతా పెట్టి బిగిస్తే మర జారిపోయి, బోల్టు సగానికి విరిగి లోపలే ఉండిపోయింది.

"మహదేవపూర్ పొలాలకు ఇత్తనాలు కొంచవోవాలె యాకయ్యా. గోదారి తొవ్వల బ్రేకు లేకుంటె ఎట్ల? నీ ఇంటిదాన్ని పిలువు," అన్నాడు పటేలు.

"నేను చేస్త పటేలా. నా దగ్గర సామాను ఉన్నది."

"నువ్వు చేస్తవులే. కని రుక్కమ్మ చెయ్యి పడితె నాకు నిమ్మలముంటది."

యాకయ్య ముందు చక్రం విప్పాడు. కాలిపర్ ఊడదీసి, పిస్టన్, రబ్బర్లు తీసి పక్కన పెట్టాడు. విరిగిన ముక్క కదలకపోతే బ్లో ల్యాంపు పెట్టి ఎర్రగా కాల్చి, పట్టకారుతో తిప్పి బయటికి లాగాడు. కాలిపర్‌ను బల్ల మీద పెట్టాడు. చూస్తుండగానే ఎరుపు పోయి ఇనుము మళ్లీ నల్లబడింది. పటేలు చాయ్ కోసం బయటికి నడిచాడు.

అప్పుడే రుక్కి లోపలి నుంచి వచ్చింది. "పటేలు పిలుస్తున్నడట గదా," అంటూ బల్ల దగ్గరికి వెళ్లింది. యాకయ్య చూశాడు. ఆమె వంగింది, వేలు చాచింది. "కాలుతది" అన్న ఒక్క మాట అతని నాలుక మీదికి వచ్చింది. నోరు తెరిచాడు కూడా. మాట బయటికి రాలేదు.

ఆమె అరవలేదు. వేలు లాక్కుని తొట్టి నీళ్లలో ముంచి, చాలాసేపు అట్లనే నిలబడింది.

"చెప్పుదామనే అనుకున్న," అన్నాడు యాకయ్య.

ఆమె అతని ముఖంలోకి చూసి లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం యాకయ్య పెట్టె తెరిచాడు. ఇనుము చల్లారాక బొక్కను పెద్దది చేశాడు. ట్యాపును నూనెలో ముంచి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుకుంటూ మర కోశాడు. లోపలా బయటా మర ఉన్న ఉక్కు బుష్షు అందులో దించాడు. రబ్బర్లు వేసి, బిగించి, బ్రేకు నూనెలో చేరిన గాలి తీసి, పికప్పును స్టేషన్ దాకా నడిపి నాలుగుసార్లు బ్రేకు తొక్కి చూశాడు. గీత గీసినట్టు ఆగింది. పటేలు భుజం తట్టాడు. ఇన్నేళ్లుగా ఆ తట్టు కోసమే కాచుకున్నాడు. తీరా పడితే, ఆ చెయ్యి ఎప్పుడు తీస్తాడా అనిపించింది.

నెల తిరిగేసరికి రుక్కి వేలు మానింది. కొండల్ అనే రైతు నీళ్ల మోటరు తెస్తే ఎప్పటిలాగే వేలు పెట్టింది. మర వచ్చింది గాని బోల్టు ఎక్కలేదు. యాకయ్య మోటరును వెలుతురుకు తిప్పి బొక్కలోకి చూశాడు. చుట్లు ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి. రుక్కి వేలు ఇప్పుడు ఎడమకు తిప్పితేనే బిగిసే ఎడమ మర పెడుతోంది.

"ఎడమ బోల్టులు నేనేడ తేవాలె వదినె," అన్నాడు కొండల్, మోటరును యాకయ్య వైపు జరుపుతూ.

నాలుగు నెలలు అందరూ యాకయ్య కోసమే వచ్చారు. రుక్కి పొయ్యి దగ్గర కూర్చునేది. అడిగినదానికి జవాబు చెప్పేది, అడగనిదేమీ మాట్లాడేది కాదు. డ్రైవర్లు "యాకన్నా" అని కేక వేసినప్పుడల్లా ఆమెకు వినపడిందో లేదో అని అతను వెనక్కి తిరిగి చూసేవాడు. ఆమె ముఖంలో ఏమీ కనిపించేది కాదు.

కార్తీకంలో భూపాలపల్లి నుంచి వెంకట్రాం అనే ఫోర్‌మన్ వచ్చాడు. అక్కడి అడవిలో బొగ్గు జాడ కోసం నేలను లోతుగా తొలుస్తున్నారు. ఒకదానికొకటి మరతో బిగించి దించిన రాడ్లు మధ్యలో ఊడి కింద ఇరుక్కుపోయాయి. మామూలు రాడ్లు దించి, ఎడమకు తిప్పి వాటిని ఊడదీయబోతే, దించినవే విడిపోతున్నాయి.

"ఎడమ మర రాడ్లు గావాలె అన్నా. దూరం నుంచి తెప్పిస్తె ఎన్ని నెలలైతదో. మీ ఇంట్ల అక్క పెడతదని చెప్పిండ్రు. గీ ఒక్క పనికే గాదు, క్యాంపుల ఎప్పటికీ పనుంటది. నౌకరి ఇస్తం, ఉండనీకె ఇల్లు ఇస్తం. నువ్వు సరే అంటె తీస్కపోత."

యాకయ్య కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది. "ఆమెతోని గాదు. వేలు కాలి పాడైంది," అన్నాడు.

లోపలి నుంచి రుక్కి గొంతు వినపడింది. "ఎట్ల కాలిందో గది సుత చెప్పు."

వెంకట్రాం ఇద్దరి మధ్య చూపు ఎటు పెట్టాలో తెలియక నేల చూశాడు. యాకయ్య చేతిలోని పానాను బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఇనుము కాలుతదని నాకు ఎరికె," అన్నాడు చివరికి. "చెయ్యి పెడుతుంటె చూసిన. చెప్పలె. అందరు ఆమెనే అడుగుతున్నరని నాకు ఓర్వలేనితనం."

కాసేపటికి రుక్కి రెండు చీరలు మూట కట్టుకుని బయటికి వచ్చింది.

"గా ముక్క కోసమే ఇన్నొద్దులు ఉన్న," అంది. "పొయ్యి మీద పప్పున్నది, మాడకుంట చూస్కో."

ఆమె పెట్టిన ఎడమ మరతో మూడో రోజుకే రాడ్లు పైకి వచ్చాయని కబురొచ్చింది. ఆమెకు క్వార్టరు ఇచ్చారు. నెలలు గడిచాయి. చెల్పూరు దాకా పేరు పాకింది.

సంక్రాంతి పోయి ఉగాది దగ్గర పడ్డాక, ఒక ఆదివారం యాకయ్య షెడ్డు మూసి, వరంగల్లో బస్సు మారి భూపాలపల్లిలో దిగాడు. అడవిలో రెండు మైళ్లు నడిచి క్యాంపు గేటు దగ్గరికి చేరాడు. వాచ్‌మన్ స్టూలు మీద నుంచే అడిగాడు.

"ఎవలు నువ్వు?"

కేసముద్రం మెకానిక్కునని చెప్పబోయాడు. దారి పొడుగునా అనుకున్న మాట అదే. లోపల ఎక్కడో సుర్రుమంది.

"రుక్కమ్మ పెనిమిటిని," అన్నాడు.

వాచ్‌మన్ లేచి గేటు తీశాడు.