ఎండలో మంచం

పొద్దు వాకిట్లోకి దిగగానే సాలమ్మ ఇంటికి తాళం వేసేది. మనవరాలు ఎస్తేరు నులకమంచం మీద ఎండలోనే ఉండాలి, నీడ కోసం లోపలికి దూరకూడదు. తాళంచెవి కొంగున ముడేసుకుని ముసలామె పక్కింటి అరుగు మీద కాపలా కూర్చునేది. జైలు జవానుకైనా చాయ్ తాగే తీరిక ఉంటుంది గానీ సాలమ్మకు లేదు.

వానాకాలంలో నార్కట్‌పల్లి దగ్గర స్కూటీ మీది నుంచి పడి ఎస్తేరు తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎండాకాలం వచ్చినా ఎముక అతకలేదు. ఎక్స్‌రే తీసినప్పుడల్లా ఆ చీలిక అట్లాగే కనిపించేది. వాకర్ లేకుండా అడుగు పడదు. హైవే మీది బట్టల షాపులో ఉద్యోగం ఇంకెన్నాళ్లు ఆగుతుందో తెలియదు. విటమిన్ డి తక్కువుందని వారానికో పొడి పొట్లం పాలల్లో తాగమన్నారు. తాగుతూనే ఉంది. అయినా అతకలేదంటే తప్పు పిల్లదేనని సాలమ్మ తీర్పు చెప్పేసింది.

"బతుకంత ఎండల నాట్లేసిన, కలుపు దీసిన. నాకేమన్న అయిందా? నువ్వు షాపుల ఏసీ కింద నిలవడి బొక్కలు పాడుజేసుకున్నవ్. మందు తాగుతున్నవో, పారవోస్తున్నవో!"

"తాగుతున్ననే అవ్వా, దేవుని తోడు."

"తాగితె ఎందుకు అతుకుతలేదు మరి?"

ఎస్తేరుకు కాలి నొప్పి కన్నా ఆ అనుమానమే ఎక్కువ బాధ పెట్టేది. ఏడ్చినా ఆ ఎండలోనే ఏడవాలి.

ఎముకలు ఆలస్యంగా అతికేవాళ్ల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ మల్లిక, జన్యు పరీక్షకని ఎస్తేరు రక్తం తీసుకుంది. ఫలితం చెప్పడానికి నల్లగొండకు రమ్మంటే సాలమ్మ కూడా వెంట వెళ్లింది.

"నీ తప్పేం లేదమ్మా," అంది డాక్టర్. "రక్తంలో విటమిన్ ఇప్పుడు సరిపడానే ఉంది. అయితే అది పని చేయాలంటే దాన్ని అందుకునేది ఒకటి ఒంట్లో ఉండాలి, రిసెప్టర్ అంటాం. దాని జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నీకు రెండు వైపుల నుంచీ కొంచెం బలహీనమైన రకమే వచ్చింది. అందుకే అతకలేదని గట్టిగా చెప్పలేను, అదీ ఒక కారణం కావచ్చు. వచ్చే నెల దాకా చూసి ఇంకో ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం. మీ అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా? మేనరికాల్లో ఇట్లా ఎక్కువ జరుగుతుంది."

ఎస్తేరు అవ్వ వైపు చూసింది. సొంత అన్న బిడ్డనే కోడలుగా తెచ్చుకున్నానని చర్చి మెట్ల మీద కూడా గొప్పలు పోయే మనిషి సాలమ్మ. కొడుకు, ఎస్తేరు తండ్రి ఇస్రాయేలు వద్దు మొర్రో అన్నా, అన్నం మానేసి మరీ పంతం నెగ్గించుకున్న పెళ్లి అది.

ఇప్పుడేమంటవ్ అవ్వా అని అడగాలని దారంతా ఎస్తేరు నాలుక దురద పెట్టింది. తమ ఊరు కట్టంగూర్‌లో దిగేదాకా సాలమ్మ బస్సు కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ముసలామె కంచం ముట్టలేదు.

తెల్లారి తలుపు బార్లా తెరిచే ఉంది. మంచం చూరు కింది నీడలో ఉంది. సాలమ్మ ఎస్తేరు కాళ్ల దగ్గర కూలబడి, విరిగిన కాలిని మెల్లగా నిమురుతోంది.

"నా పంతమేనా బిడ్డా, నిన్ను గిట్ల మంచాన పడేసింది?"

ఆ గొంతు ఎస్తేరు ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్లూ కావాలనుకున్న న్యాయం దొరికింది గానీ, దాన్ని పట్టుకోవడానికి చేతులు రాలేదు.

"కాదే అవ్వా. డాక్టరమ్మ ముంగట చెప్పలే. మందు నేనే పారవోసిన."

విటమిన్ సరిపోను ఉందన్న డాక్టర్ మాట సాలమ్మకు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనుకోలేదు. ముసలి మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది.

"నేనన్లేదా! దొంగముండ! నాకు ముందుగాలనే ఎరుక!"

మంచాన్ని మనవరాలితో సహా ఎండలోకి ఈడ్చింది. కొంగుముడి విప్పి తాళం వేసింది. ఎస్తేరు మొహం మీదికి చున్నీ లాక్కుంది.