దిగని తూటా

ఆరిన్ హౌగెన్ రివాల్వర్ సిలిండర్‌ను నిలువుగా పట్టుకుని, దాని ఐదు అరల్లో మొదటిదాంట్లోకి ఒక తూటా వదిలాడు. అది తొందర లేకుండా జారి, అంచు ఆనేదాకా దిగి కూర్చుంది. సిలిండర్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. చప్పుడు లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున ఏడింటికి అతని రోజు ఇలాగే మొదలవుతోంది.

అరవై తొమ్మిదేళ్ల మనిషి. బల్ల మీదికి వంగి వంగి మెడ అలాగే ఉండిపోయింది. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి, గట్టిపడింది. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే రాగితీగ చుట్టుకున్నాడు. బిట్టర్ క్రీక్‌లో అడిగి చేయించుకునే రివాల్వర్లు ఆ ఒక్క దుకాణంలోనే దొరుకుతాయి. వెనక గదిలో కిటికీ పక్క బల్ల అతనిది. అతనికి మనుషులంటే గిట్టదు. మనుషులకీ అతనంటే అంతే. యజమాని వెండెల్ ప్రూయిట్‌తో పని మాట తప్ప వేరే మాట లేక ఆరు నెలలైంది.

పనిలో చేరిన మొదటి ఏడాది ఒక షెరీఫ్, ఆరిన్ చేసిన సిలిండర్‌లో తూటా వేసి దుకాణమంతా వినేలా గలగలలాడించాడు. "ఏంటోయ్ ఇది, రివాల్వరా, గిలక్కాయా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ వారమే ఆరిన్ అరలు తొలిచే రీమర్‌ని సానబట్టి, వెంట్రుకవాసి సన్నం చేసుకున్నాడు. ఫ్యాక్టరీ తూటాల కొలతకి కంపెనీ పంపిన రీమర్ మైనం పూత కూడా ఊడకుండా మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. అప్పట్నుంచి అతని అరలు బిగువు. ఆ కొలతకి తూటాలు కూడా తనే చేసి, రివాల్వర్‌తో పాటు ఒక పెట్టె ఇచ్చేవాడు. యాభై గజాల నుంచి కాలిస్తే ఐదు గుళ్లూ జాడీ మూతంత చోటులో పడేవి. ఫ్యాక్టరీ తూటాలు దిగడం లేదని ఎవరైనా రాస్తే, ఫ్యాక్టరీ వాళ్లకే చెప్పుకోమని జవాబు రాసి పడేసేవాడు.

పదింటికి మేవిస్ స్టాడ్లర్ తలుపు తోసుకుని వచ్చింది. కంచరగాడిదల మీద వేటగాళ్ల సామాను కొండెక్కించే మనిషి. కుడి బొటనవేలికి కట్టు ఉంది. రివాల్వర్ని బల్ల మీద పడేసింది. ఐదు అరల్లో మూడింట తూటాలు సగం దిగి, సగం పైకి నిలబడి ఉన్నాయి.

"ఏమయ్యా పెద్దమనిషీ, చూడు నీ పనితనం!"

"నా తూటాలే వాడమని చెప్పాగా," అన్నాడు ఆరిన్, తల ఎత్తకుండా.

"కొండ మీద ఎలుగుబంటి ఎదురైతే, నీ తూటాల్లో మిగిలిన ఐదూ గాల్లోకి పేల్చా. ఎలుగు పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. కొట్లో కొన్నవి తీసి వేస్తే సగంలో ఆగాయి. సిలిండర్ మూసుకోదే! అరచేత్తో గుద్దా, వేలు చితికింది గానీ అది దిగలా. నా డ్యూక్‌ని నా కళ్ల ముందే చీల్చేసిందయ్యా!"

డ్యూక్ ఆమె కంచరగాడిద. పద్నాలుగేళ్లుగా ఆమె వెనకే నడిచింది.

"కొన్నప్పుడు వేసి చూసుకోవద్దూ?"

"చూశా. ఒకటేసి చూశా, దిగింది. మిగతావీ దిగుతాయనుకున్నా."

"అయిపోయాయని రాస్తే పంపేవాణ్ణి."

"ఎలుగు ముందు నిలబడి ఉత్తరం రాయమంటావా? అసలు రేపు నువ్వు చస్తే, నీ తూటాలు ఎవడు చేస్తాడు?"

గుమ్మంలో నిలబడి వింటున్న వెండెల్‌కి పండగలా ఉంది.

"విన్నావా? సాయంత్రానికి ఆవిడది సరిచెయ్. రేపట్నుంచి అన్నీ కంపెనీ రీమర్‌తోనే. కుదరదంటే పెట్టె సర్దుకో."

"ఈ దుకాణం పెట్టిన మీ నాన్న ఉంటే నీ నోరు ఇలా లేచేది కాదు."

"ఆయన దగ్గర నీ పప్పులుడికాయి. నా దగ్గర ఉడకవు."

ఇద్దరూ వెళ్లాక ఆరిన్ ఆమె తెచ్చిన తూటాల పెట్టె ముందేసుకున్నాడు. ఇరక్కున్న మూడూ ఊడదీసి, మొత్తం ఇరవైనీ మైక్రోమీటర్‌తో కొలిచాడు. ఒక్కటి కొలత దాటినా చాలు, తీసుకెళ్లి వెండెల్ మొహాన కొట్టొచ్చు. ఒక్కటీ దాటలేదు. మళ్లీ కొలిచాడు. తర్వాత ఒక్కొక్కటే అరలో వేసి చూశాడు. ఏడు దిగాయి. పదమూడు నిలబడిపోయాయి.

మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె ముక్క అలాగే ఎండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను తన అరల్ని తన తూటాలతోనే పరీక్షించుకున్నాడు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. అందుకే ఎప్పుడూ నూటికి నూరు. కాలేజీ చదువు లేని తను ఫ్యాక్టరీ కన్నా గొప్పవాణ్ణని నమ్ముకుని బతికాడు. చెవులు వేడెక్కాయి. ఆ షెరీఫ్ నవ్విన రోజున కూడా ఇంత సిగ్గు పడలేదు.

మేకు మీది రీమర్ తీసి, మైనం తుడిచి, మేవిస్ సిలిండర్‌లో ఐదు అరలూ నూనె పోస్తూ చేత్తో తొలిచాడు. అర తర్వాత అర. మధ్యలో దగ్గొస్తే చెయ్యి తీసి దగ్గి, మళ్లీ పెట్టాడు.

నాలుగింటికి ఆమె వచ్చి, కూర్చోకుండానే ఇరవై తూటాలూ వేసి చూసుకుంది. అన్నీ దిగాయి.

"దూరం నుంచి కొడితే ఇదివరకంత గురి ఉండదు," అన్నాడు.

"ఎలుగు దూరంలో ఉండదయ్యా." రివాల్వర్ ఒరలో పెట్టుకుంది. థాంక్స్ అనలేదు. గుమ్మం దాకా వెళ్లి తిరిగింది. "మా చెల్లెలి దగ్గరా నీ చేతిదే ఉంది. దానికేం చెప్పను?"

ఆమె వెళ్లాక ఆరిన్ సొరుగులోంచి పాత నోటుపుస్తకం తీశాడు. చేసిన ప్రతి రివాల్వర్ నంబరూ, కొన్నవాళ్ల పేరూ అందులో ఉన్నాయి. ఆరింటిదాకా రాస్తూనే ఉన్నాడు. తర్వాత కోటు వేసుకుని, పనిముట్ల పెట్టె భుజాన పెట్టుకుని వెండెల్ ముందు నుంచే నడిచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి వెనక గదిలో ఎవరూ లేరు. బల్ల తుడిచి ఉంది. బల్లకి బిగించిన ఇనప పట్టులో, సానబట్టిన రీమర్ రెండు ముక్కలై ఉంది. పక్కన నోటుపుస్తకం తెరిచి ఉంది. రెండు వందల పద్నాలుగు పేర్లు, ఎదురుగా కొత్త సిరాతో ఇప్పటి చిరునామాలు, తెలియని చోట ఎవర్ని అడగాలో. పైన పెద్ద అక్షరాల్లో రెండు ముక్కలు: 'అందర్నీ వెనక్కి పిలవండి. తప్పు తూటాలది కాదు.'

"ముసలోడు ఎంత పని నెత్తిన పెట్టి పోయాడ్రా!" అని వెండెల్ గట్టిగా తిట్టాడు. తిడుతూనే కుర్చీ లాక్కుని, మొదటి పేరు చదివాడు. కిటికీ ఓరగా తెరిచి ఉంది. పేజీ గాలికి తిరగకుండా దాని మీద ఒక ఫ్యాక్టరీ తూటా నిలబెట్టి ఉంది.