పక్కన పరుగెత్తే మనిషి

"పిల్లకు ఆ అవార్డు రాకుండా పోతే అది నీ మూలంగానే" అని అత్తగారు అన్నప్పుడు ఆమె పెరట్లో సాక్సులు పిండుతోంది. రెండు జతలు. ఒకటి తనది, ఒకటి ఆడపడుచుది. మిగతా బట్టలకు మెషీనుంది గానీ, పిల్ల సాక్సులు మెషీన్లో వేస్తే గరుకెక్కి మడమలు ఒరుసుకుంటాయని అత్తగారి నమ్మకం. అందుకని అవి చేత్తోనే ఉతకాలి. ఆ మాటలోని విడ్డూరం ఆమెకు కాస్త ఆలస్యంగా తలకెక్కింది. ఇన్నేళ్ళలో పిల్ల గెలిచిన ఒక్క పతకమైనా ఆమె మూలంగా వచ్చిందని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. రాబోయే ఓటమి మాత్రం అప్పుడే ఆమె పేరున రాసేశారు. సాక్సులు దులిపి తీగ మీద వేసి, ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

ఆడపడుచుకు పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఊరుకోదు, అందుకే ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక పరుగెత్తుతుంది, బాగా పరుగెత్తుతుంది. చూపులేని వాళ్ళ పందెంలో కళ్ళున్న మనిషి ఒకరు పక్కనే పరుగెత్తాలి. ఇద్దరి మణికట్లకూ కలిపి చిన్న తాడు ఉంటుంది. మలుపు వస్తోందని, పక్క వరుసలో ఎవరో దగ్గరికొచ్చారని, ఇక ఊపిరి దాచుకోకుండా దూకమని చెప్పేది ఆ పక్క మనిషే. ఆ మనిషికి చూపులేని వాళ్ళకన్నా వేగం ఎక్కువుండాలి, లేకపోతే చెప్పడానికి ఊపిరి మిగలదు. కానీ చివరి గీత మాత్రం ముందు దాటకూడదు. దాటితే ఇద్దరి పరుగూ చెల్లదు. ఆమె పెళ్ళయినప్పటి నుంచీ ఆ గీత దగ్గర అరడుగు వెనక్కి తగ్గుతూనే ఉంది.

సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. "మీ అమ్మాయి కాలేజీలో పరుగులో ఫస్టటగా, ఒకసారి చూస్తాం" అన్నారు అత్తగారు. ఆమె జుట్టు బిగించి కట్టుకుని ఇంటి వెనక మైదానంలో పరుగెత్తింది. కోడలి పరుగు చూసి మురిసే ఇల్లు దొరికిందని అమ్మ కళ్ళు తుడుచుకుంది. తనూ అలాగే అనుకుంది, పిచ్చిది. పెళ్ళయిన మొదటి వారమే తాడు చేతికొచ్చింది. అంతకుముందు పిచ్చుకతో పరుగెత్తే అమ్మాయి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయిందట. ఓసారి స్నేహితుల ముందు మొగుడే నవ్వుతూ బయటపెట్టాడు. "చెల్లికి కళ్ళు కావాలి, నాకు పెళ్ళాం కావాలి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు." అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఒక్క పోటీకి తన పేరు విడిగా ఇవ్వమని అడిగితే, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకమ్మా అని మామగారు నెమ్మదిగానే చెప్పారు. ఆయన ఏదైనా నెమ్మదిగానే చెబుతారు, అందుకే ఎదురు చెప్పడానికి సందు దొరకదు.

ఈ ఏడాది దేశంలో మేటి క్రీడాకారుల అవార్డుకు చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు ఫుట్‌బాల్ ఆటగాడు, ఇంకొకరు పిచ్చుక. వారం రోజులుగా హాల్లో ఇదే గోల. ఇరుగుపొరుగు వస్తారు, వాదించుకుంటారు, ఆమె టీలు అందిస్తుంది. నిన్న సాయంత్రం టీవీ చర్చలో ఒక పాత రెఫరీ గొంతు సవరించుకున్నాడు. "ఆ అమ్మాయి ఒంటరిగా పరుగెత్తలేదు కదండీ. దారి చూపేది, వేగం నిలిపేది పక్కనున్నావిడ. సగం గెలుపు ఆవిడది. సొమ్మొకరిది సోకొకరిదిగా ఉంది. ఇది ఒక్కరికిచ్చే అవార్డు, ఫుట్‌బాల్ కుర్రాడికే న్యాయం."

ట్రే పట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది. గుండెల్లో ఏదో వెచ్చగా పాకింది. ఇన్నేళ్ళకు ఒకడు చూశాడు, నన్ను చూశాడు అనుకుంది. మరుక్షణమే సిగ్గేసింది. అతను చూసింది ఆమెను గౌరవించడానికి కాదు, పిచ్చుక మీద విసరడానికి రాయి కావలసి వచ్చింది, అంతే. అయినా ఆ వెచ్చదనం వెంటనే పోలేదు. తన కష్టాన్ని కష్టమని ఒప్పుకున్న మొదటి మనిషి తన పిల్లకు శత్రువు కావడమేమిటని ఆమెకు ఏడుపొచ్చింది. పిచ్చుక అంటే ఆమెకు ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

ఇల్లంతా ఒంటికాలి మీద లేచింది. ఇవాళ టీవీ వాళ్ళు ఇంటికొస్తున్నారు. ఆమె ఏం చెప్పాలో మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నేర్పాడు. "నేనేమీ చెయ్యను, పక్కన ఊరికే పరుగెత్తుతాను. అంతే. నవ్వుతూ చెప్పు, మొహం ముడుచుకోకు." రెండుసార్లు అనిపించి చూశాడు కూడా. చెప్పకపోతే పిల్ల నోటి దగ్గర కూడు తీసినట్టు. చెబితే తన కాళ్ళు తనే నరుక్కున్నట్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పిచ్చుక అయినా వద్దంటుందని ఆమె లోలోపల ఆశపడింది. పిచ్చుక గోడ తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది.

"చెప్పు వదినా. ఒక్క మాటేగా, నీకేం పోతుంది?"

చెప్పింది. కెమెరా ముందు నవ్వుతూనే చెప్పింది. ప్రశ్న అడిగిన టీవీ అమ్మాయి కాస్త నిరాశపడి మైకు పిచ్చుక వైపు తిప్పుకుంది. అందరి మొహాలూ విప్పారాయి. ఆ సాయంత్రం అత్తగారు తన చేత్తో టీ పెట్టి తెచ్చి ఇచ్చారు, పెళ్ళయ్యాక మొదటిసారి. టీ బాగానే ఉంది, తాగింది.

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. పిచ్చుక మణికట్టు చాపింది. ఆమె తాడు కట్టలేదు. పిచ్చుకను చెయ్యి పట్టి బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక్క రౌండు, కూర్చో అంది.

మొదట్లో కాళ్ళు పక్కన ఇంకో అడుగు కోసం వెతుక్కున్నాయి. తాడుండే చెయ్యి పక్కకు అతుక్కుని ఊగనంది. మలుపు రాగానే మలుపని నోరు తెరిచింది, చెప్పడానికి ఎవరూ లేరు. తర్వాత ఏదో వదిలింది. గాలి చెవుల్లో హోరుమంది. ఇంత ఊపిరి తనలో ఉందని ఆమె మరిచిపోయింది. కాలేజీ నాటి కాళ్ళు కావు, అయినా కాళ్ళే, తనవే. ఏడుస్తూనే పరుగెత్తింది. అంతా బాగానే ఉంది గానీ, గీత దగ్గరికి వచ్చేసరికి, పక్కన లేని మనిషి కోసం అరడుగు వెనక్కి తగ్గింది.

పిచ్చుక లేచి నిలబడి ఉంది.

"ఇప్పుడు పరుగెత్తింది ఎవరు వదినా?"

"నేనే."

"కాదు. నీ అడుగు నాకు తెలీదా?"

"నాదే. నువ్వెప్పుడూ వినలేదు."

పిచ్చుక బెంచీ తడుముకుని మళ్ళీ కూర్చుంది. నాతో ఉన్నప్పుడు నెమ్మదిగా పరుగెత్తేదానివా అని అడిగింది. అవునంది ఆమె.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు అంత సంతోషంగా గీత దాటేదానివి కాదు." ఆమె పక్కన కూర్చుని పిచ్చుక చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అవార్డు నీకే రావాలి. వస్తే నాకన్నా మురిసిపోయేవాళ్ళు ఉండరు. కానీ ఇంకొకరిని చూసుకోమని ఇవాళ ఇంట్లో చెప్పేస్తాను. కోపం కాదు తల్లీ. నా కాళ్ళకు వయసొచ్చేస్తోంది, వాటిని నేనింకా వాడుకోనే లేదు."

పిచ్చుక వేళ్ళు ఆమె మణికట్టు దగ్గర, తాడు ఒరిసి ఒరిసి గట్టిపడిన చోట ఆగాయి.

"ఇన్నాళ్ళూ నేనే నిన్ను లాక్కెళ్తున్నాననుకున్నాను వదినా" అంది.