రియోహే క్షమాపణ వెనక్కి తీసుకున్న రోజు

భానుప్రియ ఫిజియోథెరపీ చదివింది కాళ్లు బాగుచేయడానికి. కరోనా పుణ్యమా అని ముక్కుల్లో పుల్లలు పెట్టడమే ఆమె ఉద్యోగమైంది. జర్మనీలో, కొలోన్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న ఆ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో, వారానికి రెండుసార్లు జట్టంతా ఆమె ముందు వరసకట్టి తలలు పైకెత్తేది. ప్రేక్షకుల్లేని స్టేడియం, చేతులు కలపని ఆటగాళ్లు, ఏ తలుపు చూసినా అంటించిన నిబంధనలు. ఏడాదిగా ఇదే తంతు. ఆమెకి విసుగు పుట్టి, ఆ విసుగు కూడా పాతబడింది.

వరసలో అందరికంటే చివర నిలబడేవాడు రియోహే. జపాన్‌లోని నీగాత నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల వింగర్, మైదానం అంచు వెంట పరిగెత్తే ఆటగాడు. అక్కడ కుర్రాళ్ల జట్టులో గోల్స్ మీద గోల్స్ కొడుతుంటే చూసి ఈ క్లబ్బు పిలిపించుకుంది. వచ్చి నాలుగు రోజులు సర్దుకోకముందే లాక్‌డౌన్ పడింది. జర్మన్ క్లాసు మూతపడింది. తర్వాత ఆటలు మొదలైనా వాడి వాటాకి వచ్చింది బెంచీ, మ్యాచ్ చివర్లో ఓ పది నిమిషాల పరుగు. జట్టులో వాడితో ఎవరికీ తగాదా లేదు. మాటా లేదు. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించకపోతే తిరుగు విమానమే. అక్కడ వాడి చోటు ఈపాటికి ఇంకెవడో తీసుకుని ఉంటాడు.

ఫిబ్రవరిలో ఎట్టకేలకు కోచ్ వాణ్ని మొదటి పదకొండుమందిలో వేశాడు. శనివారం మ్యాచ్ అనగా గురువారం పరీక్షలో వాడికి పాజిటివ్ వచ్చింది. జట్టంతా క్వారంటైన్‌కి వెళ్లింది. మ్యాచ్ వాయిదా పడింది. ఆ సాయంత్రం రియోహే జట్టు వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాడు: "నా అజాగ్రత్త వల్ల మీ అందరికీ ఇబ్బంది కలిగింది. తప్పు నాదే. క్షమించండి."

వాళ్ల దేశంలో అది మర్యాద. తనవల్ల నలుగురికీ ఇబ్బంది అయితే ముందు క్షమాపణ చెప్పుకోవాలి, తప్పు ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఇక్కడి క్లబ్బు డైరెక్టరుకి ఆ మర్యాదలేం తెలుసు? తప్పు నాదే అన్నాడంటే ఎక్కడో తిరిగొచ్చాడన్నమాట, నిబంధన మీరినవాడికి పొడిగింపు లేదు పొమ్మన్నాడు. భానుప్రియకి ఒళ్లు మండింది. వాడికి గది, గ్రౌండు తప్ప మూడో చోటు తెలియదు. జట్టులో ఎవరో పుట్టినరోజు పార్టీకి పోయొచ్చారని గుసగుసలున్నాయి కానీ, పేర్లు మాత్రం ఎవరి నోటా రావు.

ఆమె ఫోన్‌లో వాదించి వాదించి డైరెక్టర్ని ఒక మాట మీదికి తెచ్చింది. తను ఏ నిబంధనా మీరలేదని, క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నానని వాడు అదే గ్రూపులో రాస్తే పొడిగింపు మీద సంతకం పెడతానన్నాడు.

"నీకెందుకే ఆ లొల్లి? వాడేమన్న మన పోరడా?" అన్నాడు భర్త శశాంక్, లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే.

"మన పోరడైతే తప్పు నాదే అని రాస్తుండెనా? అందుకే పోతున్న," అంటూ ఆమె మాస్కు తగిలించుకుంది.

రియోహే ఉండేది కింది అంతస్తు. గుడ్లు, బియ్యం ఉన్న సంచిని తలుపు పిడికి తగిలించి, ఆమె కిటికీ అవతల దూరంగా నిలబడింది. వాడు కిటికీ ఓరగా తెరిచాడు. ఇద్దరి మధ్యా నడిచేది అరకొర ఇంగ్లీషు. ఆమె విషయం చెప్పింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

"అది రాయలేను, భాను-సాన్." వాళ్ల భాషలో సాన్ అంటే గారు.

"ఒక్క ముక్క రాయడానికి ఏమైంది నీకు? ఆట పోతుంది, అర్థమవుతోందా?"

వాడు ఫోన్ అద్దానికి ఆనించి చూపించాడు. క్షమాపణ కింద జవాబులు బారులు తీరి ఉన్నాయి. 'నీ తప్పేం లేదు తమ్ముడూ.' 'త్వరగా కోలుకో రియో.' తగ్గాక మా ఇంటికి భోజనానికి రావాలని గోల్‌కీపర్ రాశాడు. కెప్టెన్ ఎర్రటి గుండె బొమ్మ పెట్టాడు.

"ఏడాదిలో ఎవరూ నా పేరు రాయలేదు," అన్నాడు రియోహే. "ఇప్పుడు అందరూ రాశారు."

భానుప్రియ కూడా ఆ గ్రూపులో ఉంది, ఆ జవాబులు చూసింది కానీ ఇలా లెక్కపెట్టలేదు. అయినా పట్టు వదల్లేదు. "ఇక్కడ ఉంటేనే కదా వాళ్లింట్లో భోంచేసేది," అంది. వాడు ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. ఆమె జర్మన్‌లో ఒక్కొక్క మాటే చెబుతుంటే టైపు చేసి పంపించాడు.

కాసేపటికే డైరెక్టరు నుంచి ఆమెకి మెసేజ్ వచ్చింది. రెండేళ్లు పొడిగింపు, సోమవారం కాగితాలు. ఆమె సంబరంగా బొటనవేలు ఎత్తి చూపింది. వాడు కిటికీ లోపల నడుము వంచి నమస్కరించాడు.

గ్రూపులో మాత్రం చడీచప్పుడూ లేదు. మొన్న నిమిషం తిరక్కుండా వచ్చిపడినట్టు ఇవాళ ఒక్క జవాబూ రాలేదు. కెప్టెన్ ఏదో టైపు చేయబోయి మానేశాడు. భానుప్రియకి అప్పుడు తట్టింది. ఈ పిల్లాడు నింద నెత్తిన వేసుకున్నంతసేపూ అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, ఆ ప్రేమంతా అందుకే. వీడిది తప్పు కాకపోతే మరి ఎవరిదో తేలాలి కదా. ఆమెకి వాళ్లమీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ తనమీద తనకి.

"భాను-సాన్, వెళ్లిందా?"

"వెళ్లింది."

"వాళ్లు చూశారా?"

సర్దిచెప్పడానికి ఏదో ఒకటి అనొచ్చు. ఆ ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

"అందరూ చూశారు," అంది.

వాడు తలూపాడు. ఫోన్‌ని కిటికీ గట్టు మీద నిలబెట్టి, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.