గడియారం వైపు తిరిగిన డ్రమ్ము

నేను ఒక నీలం డ్రమ్మును. రెండు వందల లీటర్ల కడుపు, దానికి తగ్గ నోరు. ఫ్యాక్టరీలో వేడి ప్లాస్టిక్కులోకి గాలి ఊది నన్ను పుట్టించారు. ఆ గాలి ఇంకా పూర్తిగా దిగలేదేమో, నాకు నవ్వు ఆగదు. కథ మధ్యలో పకపకలాడితే మీరే సర్దుకుపోవాలి.

రసాయన మందులు మానేసిన రైతులకు ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే డ్రమ్ముల్లో నేనొకదాన్ని. విజయనగరం అవతల ఒక మండల కార్యాలయంలో మా పంపిణీ జరిగింది. ఫొటోలో నన్ను తొమ్మిది మంది పెద్దమనుషులు పట్టుకున్నారు. నన్ను తీసుకోవలసిన పైడమ్మ మాత్రం పడలేదు. ఆవిడ మోచేయి పడింది.

పైడమ్మకు ఎకరం పొలం. ఊళ్లోనైనా కాగితాల్లోనైనా ఆవిడ ఫలానావాడి పెళ్లామే. మూడేళ్లుగా మందు చుక్క కొట్టకుండా వంకాయలు, బెండకాయలు పండిస్తోంది. సేంద్రియ ధ్రువపత్రం లేదు గనుక వ్యాపారి వాటిని ఊరందరి కాయలతో కలిపి ఒకే గోనెలో పోసేవాడు. ఆ కాగితం వస్తే రైతుబజారులో సొంత కొట్టు, కొట్టు మీద ఆవిడ పేరుతో బోర్డు. ఆవిడ కోరిక అదొక్కటే. ఆవిడ ఉన్న రైతు సంఘంలో మరో ఆరుగురు ఆడవాళ్లదీ అదే ఆశ.

జోగారావు అనే అధికారి వాళ్లకు శిక్షణ ఇచ్చాడు. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు పొలం మట్టి నీళ్లలో కలిపితే పంటకు బలమిచ్చే జీవామృతం అవుతుందన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. చివర్న జీపెక్కుతూ, “పొద్దున్నోసారి, సాయంత్రం ఓసారి గడియారం వైపు తిప్పండమ్మా!” అని అరిచాడు. గడియారం ముల్లు తిరిగే వైపు కర్రతో కలపమని ఆయన ఉద్దేశం. ముల్లు మాటా, కర్ర మాటా రెండూ జీపులోనే వెళ్లిపోయాయి.

“తిరగాల్సింది డ్రమ్మేనేటే?” అంది సంఘంలోని సూరీడమ్మ.

“మరి గడియారం తిరుగుతాదా?” అంది పైడమ్మ.

ఊరంతా వెతికితే సూరీడమ్మ ఇంట్లోనే ఓ గోడగడియారం దొరికింది. సెల్లు అయిపోయి పదిన్నర దగ్గర ఆగిపోయింది. దాన్ని పైడమ్మ పశువులశాలలో రాటకు కట్టారు. గడియారం ఒకటే కాబట్టి ఏడుగురి డ్రమ్ములూ అక్కడికే చేరాయి. ఇక చూసుకోండి మా వైభోగం! రోజుకు రెండు పూటలా ఇద్దరిద్దరు ఆడవాళ్లు మమ్మల్ని కావలించుకుని గిర్రున ఒక చుట్టు తిప్పేవారు. ఆగేసరికి మా మొహాన ఉన్న పథకం కాగితం గడియారానికి ఎదురుగా రావాలి. రాకపోతే ఇంకో చుట్టు. గానుగెద్దుకైనా కళ్లకు గంతలు కడతారు, మాకు అదీ లేదు. కడుపులో పేడనీళ్లు సుడి తిరుగుతుంటే ఎంత హాయిగా ఉండేదో!

నాలుగు నెలలకు ధ్రువపత్రం కోసం పొలాలు తనిఖీ చేయడానికి జోగారావే వచ్చాడు.

“శాలలో గడియారం ఎందుకమ్మా?”

“మీరే గదా బాబూ అటేపు తిప్పమన్నారు,” అని పైడమ్మ, సూరీడమ్మ నన్ను పట్టుకుని తిప్పి చూపించారు. ఆయన నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

ఆయన చేతిలోని ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ద్రావణాన్ని రోజూ కర్రతో కలుపుతున్నారా? కాదని రాస్తే ఏడుగురి కాగితాలూ ఆగిపోతాయి. మళ్లీ ఏడాది దాకా ఆ గోనెసంచే గతి. సంగతి తెలిసి పైడమ్మ మొహం మాడిపోయింది.

“తప్పు మాదైతే ఆపీయండి బాబూ. మాట మీదైతే మమ్మల్నెందుకు ఆపుతారు?”

ఆయన పొలంలోకి వెళ్లి పారతో మట్టి పెళ్లగించాడు. వానపాములు గిలగిలలాడుతూ బయటపడ్డాయి. అవునని రాసేసి పోతే అడిగేవాడు లేడు. కానీ ఆయన కాదనే రాశాడు. కింద ఇంకో నాలుగు ముక్కలు రాసి, పైకి చదివాడు. “శిక్షణ ఇచ్చింది నేనే. కర్ర మాట చెప్పలేదు. రైతులు చెప్పింది చెప్పినట్టు చేశారు. మందులు వాడలేదు. ధ్రువపత్రం ఇవ్వవచ్చు.”

సర్కారు కాగితం మీద ఒక మనిషి తన తప్పు తానే రాసుకోవడం నేనెన్నడూ వినలేదు. ఆయన మీద నాకు భలే ప్రేమ పుట్టింది.

కాగితాలు వచ్చాయి. తిరిగి తిరిగి అడుగు అరిగిపోయిన నేనిప్పుడు రైతుబజారులో పైడమ్మ కొట్టు ముందు బోర్లా పడి ఉన్నాను. నా నెత్తిన బెండకాయల గంప. బోర్డు కట్టిన రోజు ఆవిడ దాన్ని జోగారావు చేత రెండుసార్లు చదివించుకుంది.

“ఎవుళి పెళ్లామని రాయనేదేటి బాబూ?”

“బెండకాయలు కొనేవాళ్లకి ఆయనతో పనేముందమ్మా?”

అంతలో ఒక పట్నం ఆవిడ వచ్చి బోర్డు చదివి, “పైడమ్మగారూ, బెండకాయలు ఎలా ఇస్తున్నారు?” అని అడిగింది.

ఎవరినో పిలుస్తున్నారనుకుని పైడమ్మ వెనక్కి తిరిగి చూసింది.